ఒట్టు పెట్టని ఇంటి పక్క పొలం

సాక్ష్యం చెప్పడానికి వచ్చిన మనిషి మన పక్షాన ఉండాలి. లేదంటే అవతలి పక్షాన ఉండాలి. అవతల ఉంటే కనీసం తిట్టుకోవచ్చు. ఏ పక్షానా లేకుండా నడుమ నిలబడి, ఉన్నది ఉన్నట్టు చెబుతానంటే ఆ మనిషిని ఏం చేయాలో నాకు ఇప్పటికీ తెలియదు. అలాంటి మనిషి ముప్పై ఏళ్లకు పైగా నా పొలం పక్కన సేద్యం చేశాడు. ఆయన భార్య ఆయనకన్నా రెండాకులు ఎక్కువే చదివింది.

ఇద్దరూ ఇప్పుడు లేరు. ముందు ఆయన, ఏడాది తిరగకముందే ఆమె. ఊళ్లో ఎవరు తలుచుకున్నా ‘మంచోళ్లు, మంచోళ్లు’ అంటారు. మంచివాళ్లే, నేను కాదనను. కానీ మంచివాళ్ల పక్కన పొలం ఉన్నవాడి కష్టం ఎవరూ రాయరు. అందుకే నేను రాస్తున్నాను.

నా పొలం పాశమైలారం దాటాక లోపలికి ఉంటుంది. రోడ్డు మీద నుంచి దానికి ఒకటే దారి, పాత బండ్ల బాట. బాటకు కుడిపక్క ఆ దంపతుల పొలం. ఎడమపక్క పొలం ఒకప్పుడు మా ఊరివాళ్లదే. చేతులు మారి మారి చివరికి గోదాములు కట్టించే ఒకాయనకు చేరింది. కొన్నేళ్ల కింద ఒక పొద్దున ట్రాక్టర్ తోలుకుని వెళితే, బాట మొదట్లోనే రాతి కడీలు పాతి ముళ్లతీగ లాగి ఉంది. బాట కూడా తన పట్టాలోదేనన్నాడు గోదాములాయన. కాగితాల్లో బాట లేని మాట నిజమే. తాతల నాటి నుంచి నడిచిన బాటకు కాగితం ఎవరు రాయించుకుంటారు?

బాట పోతే నా పొలం నలుదిక్కులా మూతపడ్డ డబ్బా. దున్నడానికి లేదు, ఎరువు తోలడానికి లేదు. చివరికి ఆ గోదాములాయనకే, ఆయన చెప్పిన ధరకే అమ్ముకోవాలి. చుట్టుపక్కల పాత రైతులంతా అప్పటికే అమ్ముకుని సంగారెడ్డిలోనో పటాన్‌చెరులోనో ఇళ్లు కట్టుకున్నారు. ఆ బాట మీద బండ్లు నడవడం కళ్లారా చూసి, ఇంకా అక్కడే మట్టి పిసుకుతున్నవాళ్లు నేను కాక ఇద్దరే ఇద్దరు. ముప్పై ఏళ్లుగా నేను అలిగి ఉన్న ఆ ఇద్దరు.

ఎందుకు అలిగానో ముందు చెప్పాలి.

వాళ్లది పాలమూరు వైపు. ఇక్కడ మందుల ఫ్యాక్టరీలు లేస్తున్న రోజుల్లో పనికోసం వచ్చారు. ఆ మందుల వాసన ఆయనకు పడలేదు. కొన్నాళ్లు కౌలుకు చేసి, తర్వాత నా పక్క చెలక కొనుక్కున్నారు. వచ్చిన కొత్తలో మా అమ్మ ఆమెను పిలిచి కూర్చోబెట్టి, మీరు ఏ చర్చికి పోతారని అడిగింది. “మేం మెన్నోనైటులం అవ్వా” అందామె. మా అమ్మకు చెవులు కొంచెం మందం.

“మేనోళ్లా? ఎవరికి మేనోళ్లు? మేనత్తవా, మేనమామ పెండ్లామువా?”

“మేనోళ్లు కాదవ్వా, మెన్నోనైటులం.”

“గదే అంటున్న. ఎవరి తరఫు?”

ఆమె మూడోసారి చెప్పే ప్రయత్నం మానేసి నవ్విందట. ఇక ఊరంతటికీ వాళ్లు ‘మేనోళ్లు’ అయిపోయారు. ఆ పొలం మేనోళ్ల చెలక, ఆ బర్రె మేనోళ్ల బర్రె. ఊరికి కాపురానికి వచ్చిన కొత్త కోడళ్లు వాళ్లను నిజంగానే ఎవరికో మేనత్త, మేనమామ అనుకుని కొంగు సర్దుకుని నిలబడేవారు. నేను మాత్రం ఆయన్ను కాకా అని, ఆమెను చిన్నమ్మా అని పిలిచేవాణ్ణి. కోపంలో ఉన్నప్పుడు కూడా అదే పిలుపు. వేరే పిలుపు వెతుక్కునేంత తీరిక ఆ కోపాల్లో ఉండేది కాదు.

మొదటి కోపం బర్రె వల్ల వచ్చింది. మోకాలెత్తు పెరిగిన నా మక్కచేనులో వాళ్ల బర్రె పడి, బాట పక్క సాళ్లన్నీ మేసి పోయింది. ఇంటి నుంచి పొలం దాకా నడుస్తూ దారి పొడవునా తిట్లు కూర్చుకున్నాను. మంచి తిట్లు. కొన్ని మా నాయన దగ్గర నేర్చినవి. వాళ్ల కొట్టం ముందు నిలబడి గొంతెత్తాను.

“ఓ కాకా! బయటికి రా! నీ బర్రె నా మక్క మొత్తం సఫా చేసింది!”

తువ్వాలతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. “చూసిన కొడుకా. తప్పు నాదే. తాడు సరిగ్గ కట్టకపోతి.”

“తప్పు నాదే అంటె అయిపాయెనా?”

“ఎట్లైతది? ఏ సాళ్లు పోయినయో చూపియ్యి. మేమే మళ్ల పెడ్తం.”

“నా మాట ఇంక అయిపోలే!”

“అయితె చెప్పు. కూసోని చెప్పు. చిన్నమ్మ చాయ్ పెడ్తున్నది.”

చాయ్ తాగుతూ తిట్టడం ఎంత కష్టమో ప్రయత్నించినవాళ్లకే తెలుస్తుంది. గ్లాసు చేతిలో ఉంటుంది, చాయ్‌లో అల్లం బాగుంటుంది, తిట్టు సగంలోనే చల్లారిపోతుంది. కొట్లాటకు దిగకూడదని, ఎవరైనా మీదికి వచ్చినా ఎదురు తిరగకూడదని వాళ్ల మతంలో ఒక నియమమట. ఆ సంగతి నాకు ఆ రాత్రి తెలిసింది. తెలిశాక ఇంకా మండింది. ఎదురు తిరగని మనిషితో పంచాయతీ పెట్టుకోవడమంటే గాలిలో గుద్దడమే. భుజం నొప్పి మనకే.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ విత్తనాలు పట్టుకుని వచ్చారు. ఆయన నాగటి సాలు తీస్తుంటే ఆమె వెనకనే గింజ వేస్తోంది. ఇతరులతో కొట్లాడని ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు మాత్రం పొద్దుగూకే దాకా వాదించుకుంటారని ఆ రోజే చూశాను.

“దగ్గర దగ్గర ఏస్తున్నవు.”

“నీ కండ్లకు గట్ల కనిపిస్తది. ముసలి కండ్లు.”

“నా కండ్లు ముసలియైతె నీ చేతులు పడుచుయా?”

“పడుచుయి కాకపోతె నీ సాలు ఎంబడి ఎట్ల ఉరుకుతున్న? వంకరటింకర సాలు. పాము పోయినట్టు.”

ఉండబట్టలేక అడిగాను. “కొట్లాడొద్దని మీ దేవుడు చెప్పిండంటరు. మరి గిదేంది చిన్నమ్మా?”

ఆమె నడుము సరిచేసుకుని నా వైపు చూసింది. “గిది కొట్లాట కాదు బిడ్డా, సంసారం. దీనికి మాఫీ ఉంది.”

వాళ్లు మళ్లీ పెట్టిన సాళ్లలో మక్క నా సాళ్లకన్నా బాగా వచ్చింది. ఒక్కో కంకి మోచేయంత. బాట మీద పోయేవాళ్లంతా ఆగి, ఇటుపక్క సాళ్లకు ఏ మందు వేశావని అడిగేవారు. ఏమని చెప్పను?

రెండో కోపం గుమ్మడికాయది. వాళ్ల చర్చిలో ఏటా కోతల పండుగ జరుగుతుంది. ఎవరి పొలంలో పండింది వాళ్లు తెచ్చి ముందర పెడతారు. వడ్లు, కందులు, కోడిపుంజులు, సొరకాయలు, గుడ్లు. ప్రార్థన అయ్యాక అన్నిటినీ వేలం వేస్తారు. వచ్చింది చర్చికే పోతుంది. ఆ ఏడు నా పెరట్లో ఒక గుమ్మడికాయ కాసింది. ఇద్దరు కలిసి ఎత్తాలి. ఇరుగుపొరుగు అన్నాక ఒక మర్యాద ఉంటుంది కదా అని, దాన్ని కాకా పేరు మీద వేలానికి ఇచ్చాను. మా ఇంటామె నన్ను కూడా తెల్లచొక్కా వేయించి పంపింది. ఆ జనమంతా వాళ్ల వాళ్లే అయినా నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. అక్కడివరకు బాగానే ఉంది.

వేలం పాడే ఆయన గుమ్మడికాయను బల్లమీదికి దొర్లించి, “చూడుండ్రి, ఎంత పెద్దగున్నదో! పెద్దాయనా, ఎట్లుంటది కాయ?” అని కాకాను అడిగాడు.

కాకా లేచి నిలబడ్డాడు. నా వైపు ఒకసారి చూశాడు. గడ్డం గోక్కున్నాడు. “పెద్దగున్నది. చూడనీకి మంచిగున్నది. తొడిమె కాడ మాత్రం జెర మెత్తవడ్డది. ఇయ్యాలనే కోసుకోవాలె, దాస్తె ఉండది.”

చర్చి చర్చంతా నవ్వింది. పిల్లలు కూడా నవ్వారు. ఇంకెవరు పాడతారు? చివరికి చిన్నమ్మే తక్కువలో పాడుకుంది. సాయంత్రానికి ఆ గుమ్మడికాయ కూర గిన్నె నిండా మా ఇంటికి పంపింది. కూర తియ్యగా ఉంది. ఆ ముక్క వేలంలో చెప్పి ఉంటే ఏం పోయేది? ఇంటికి వచ్చేటప్పుడు అదే అడిగాను. “అప్పటికి తినలే గద కొడుకా” అన్నాడు. జవాబు లేని మాటలు చెప్పడం ఆయనకు అలవాటు.

మూడోది అన్నిటికన్నా పెద్దది, ఒట్టు సంగతి. ఒక ఏడు నా మక్కకంకులు కోతకు ముందు రోజు పోయాయి. చుట్టూ పొలాల వాళ్లందరినీ బాట మీద నిలబెట్టి ఒట్టు పెట్టమన్నాను. మా దగ్గర పద్ధతి అదే. తీయనివాడు ఒట్టు పెడతాడు, తీసినవాడు నీళ్లు నములుతాడు. ఒకడు పోచమ్మ మీద పెట్టాడు, ఒకడు తల్లి మీద. ఒకాయన అయితే నేను నోరు తెరవకముందే కొడుకు తలమీద చేయి పెట్టాడు. కాకా వంతు వచ్చింది.

“నేను తియ్యలే” అన్నాడు.

“అయితె ఒట్టు పెట్టు.”

“ఒట్టు పెట్ట. తియ్యలే.”

“తియ్యకపోతె ఒట్టు పెట్టనీకి ఏమైంది?”

చిన్నమ్మ ముందుకొచ్చింది. “మాకు ఒట్లు లేవు బిడ్డా. చిన్న ఒట్టు లేదు, పెద్ద ఒట్టు లేదు. ఉన్నది ఉన్నదంటం, లేంది లేదంటం. ఒట్టు పెడితేనే నిజమంటె, పెట్టనప్పుడు చెప్పేదంతా అబద్ధమేనా?”

ఇదేం తర్కం! ఒట్టు పెట్టనివాణ్ణి ఏమనుకోవాలి? ఏమనుకోవాలో అదే అనుకున్నాను, అనుకున్నది ఊరంతా చెప్పాను. ఆయన ఒక్క ఒట్టు పెట్టి ఉంటే నాకు ఆ తిరుగుడు తప్పేది. నెల తర్వాత ఆ కంకులు కొడుకు తలమీద చేయి పెట్టినాయన ఇంటి వెనక నుంచి జోగిపేట అంగడికి పోయాయని తేలింది. అది వేరే విషయం. ఊరివాళ్లు మాత్రం అప్పటి నుంచి ‘మేనోళ్ల మాట’ అనడం మొదలుపెట్టారు. చాయ్ హోటల్లో ఎవడైనా కోతలు కోస్తుంటే పక్కవాడు, “గిది నీ మాటనా, మేనోళ్ల మాటనా?” అని ఆపేవాడు. మా ఊళ్లో పుట్టి పెరిగిన నా పేరు మీద ఒక్క సామెత కూడా లేదు.

ఇన్ని కోపాలున్నా పొలం పక్క మనుషులతో మాట్లాడకుండా ఎవరూ ఉండలేరు. పైగా చిన్నమ్మ ఉండనిచ్చేది కాదు. పొద్దున షిఫ్టు మారే వేళకు పుంటికూర, తోటకూర కట్టలు గంపకెత్తుకుని ఫ్యాక్టరీ గేటు దగ్గర కూర్చునేది. బీహార్ వాళ్లు, ఒడిశా వాళ్లు గుంపుగా బయటికి వచ్చేవారు. వాళ్లతో ఆమె మాట్లాడే హిందీ ఈ భూమ్మీద ఎక్కడా లేదు. “ఓ భయ్యా, ఆవో, తాజా హై, అభీ కోసా. పుల్లగా హై, పప్పు మే ఎయ్!” అనేది. వాళ్లు నవ్వుకుంటూనే కొనేవారు. కొన్నాళ్లకు ఒడిశా కుర్రాళ్లు కూడా “పుల్లగా హైనా అమ్మా?” అని అడగడం నా చెవులతో విన్నాను. గంప ఖాళీ అయ్యాక నా పొలం గట్టు మీదుగానే పోతూ, నేను పలకకపోయినా, “ఇంక అలిగే ఉన్నవా? మంచిది, అలుగు. అన్నం మాత్రం తిను” అని పోయేది.

ఇదీ మా సంబంధం. ఇలాంటి సంబంధం మీద నా నాలుగెకరాల బతుకు వచ్చి పడింది.

కడీలు పాతిన నాడే మండలాఫీసుకు పోయి అర్జీ ఇచ్చాను. రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ మోక మీదికి, బాట దగ్గరికే వచ్చి విచారిస్తానని, పాతవాళ్లను సాక్ష్యానికి పిలిపించమని చెప్పాడు. ముందు రోజు సాయంత్రం కాకా దగ్గరికి పోయాను. కొట్టం ముందు మంచం మీద కూర్చుని కందులు చెరుగుతున్నారు ఇద్దరూ. ఆయన చెరిగినదాంట్లో మళ్లీ రాళ్లు ఏరి ఆయనకే చూపిస్తోంది చిన్నమ్మ.

“కాకా, రేపు సార్ వస్తున్నడు. బాట సంగతి చెప్పాలె.”

“చెప్త. బండ్ల బాట ఉండె. గది అందరికి ఎరుకే.”

“గట్లనే చెప్తె సరిపోదు. రెండు ట్రాక్టర్లు ఎదురెదురు పోయేంత ఎడల్పు ఉండె అని చెప్పు. అర్జీల గట్లనే రాసిన.”

ఆయన చాట ఆపాడు. “రెండు బండ్లు ఎదురైతె ఒకడు ఎనుకకు తీస్తుండె గద కొడుకా. మీ నాయననే ఎన్నిసార్లు తీసిండు.”

“మా నాయన ఎన్నడు తియ్యలే!”

“తీసిండు” అంది చిన్నమ్మ. “తీసినంక తిట్టిండు.”

లోకరీతి ఏమిటో వాళ్లకు ఓపిగ్గా వివరించాను. రెండడిగితే ఒకటి ఇస్తారు. ఒకటే అడిగితే సగం ఇస్తారు. సగం బాట మీద ట్రాక్టర్ పోదు, ట్రాక్టర్ పోకపోతే పొలం పోయినట్టే. అవతలివాడు అసలు బాటే లేదని పెంచి చెబుతున్నప్పుడు మనం కొంచెం పెంచి చెప్పకపోతే నడుమ గీత ఎక్కడ పడుతుంది? ఆయన అంతా విన్నాడు. “నీ కష్టం నాకు సమజైంది. ఉన్న బాట ఉన్నదని చెప్పనీకి నేను వస్త. మోకాలు నొప్పున్నా వస్త” అన్నాడు. అంటే వెడల్పు సంగతి రాదన్నమాట. పైగా ఒట్టు పెట్టడు. ఇంటికి వచ్చి మా ఇంటామెతో చెబితే, “ఆయన అబద్ధం చెప్పినా ఎవ్వరు నమ్మరు తియ్యి, అలవాటు లేదాయె” అంది. ఆమె ఎప్పుడూ వాళ్ల పక్షమే.

మర్నాడు అందరం బాట మొదట్లో చేరాం. ఇన్‌స్పెక్టర్ స్కూటర్ దిగి చెట్టు నీడ వెతుక్కుని, దొరక్క, గోదాము గోడ నీడలో నిలబడ్డాడు. గోదాములాయన కారులో వచ్చాడు. కాకా కర్ర పట్టుకుని, చిన్నమ్మ కొంగు నెత్తిన వేసుకుని గట్టు మీద కూర్చున్నారు.

గోదాములాయన తెలివైనవాడు. ఊళ్లో ఎవరినో అడిగి అన్నీ తెలుసుకుని వచ్చాడు. “సార్, పెద్దాయన సాక్ష్యం చెప్పనీ, నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే ఒట్టు పెట్టి చెప్పమనండి. వాళ్ల దేవుని మీదనే పెట్టమనండి. ఒట్టు పెడితే నేనే కడీలు పీకిస్తా” అన్నాడు.

“కాకా, ఒక్కసారి పెట్టు. ఒక్కటంటె ఒక్కటి. మీ దేవుడు ఏమనడు, నేను చెప్త ఆయనకు” అన్నాను.

“నువ్వు ఆయనకు చెప్పేంత దోస్తీ ఎప్పటిసంది?” అంది చిన్నమ్మ.

కాకా తల అడ్డంగా ఊపాడు. “ఒట్టు పెట్ట సార్. ఉన్నది చెప్త.”

“చూశారా! నిజమైతే ఒట్టుకు భయమెందుకు?” అని నవ్వాడు గోదాములాయన. ముప్పై ఏళ్ల కింద నేను అడిగిన మాటే. వేరేవాడి నోట వింటే ఎంత తెలివితక్కువగా ఉందో!

ఇన్‌స్పెక్టర్ పెన్ను తీశాడు. “ఒట్టు నాకేం అవసరం లేదు. చెప్పేది చెప్పు పెద్దాయనా, రాసుకుంట.”

“బండ్ల బాట ఉండె సార్. మేం వచ్చిననాటి సంది నడిచినం. ఒక్క బండి పోయే బాట. రెండు బండ్లు పట్టయి.”

నేను నెత్తి కొట్టుకున్నాను. చప్పుడు అందరికీ వినిపించింది. అడగని మాట ఎందుకు చెప్పాలి? బాట ఉండె అన్నాడు, అక్కడ ఆగొచ్చు కదా! గోదాములాయన మొహం వెలిగిపోయింది. ఎగిరి ఇన్‌స్పెక్టర్ పక్కన నిలబడ్డాడు.

“రాసుకోండి సార్, రాసుకోండి! రెండు బండ్లు పట్టవని ఆయనే అంటున్నాడు. వీళ్ల సాక్షే అంటున్నాడు! అర్జీలో రెండు ట్రాక్టర్ల బాట అని అబద్ధం రాశారు. పెద్దాయన నిజం చెప్పాడు!”

“పెద్దాయన చెప్పింది నిజమే అంటరా?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“నూటికి నూరుపాళ్లు నిజం సార్!”

“అయితె ఒక్క బండి బాట ఉండెనని మీరు ఒప్పుకున్నట్టే.” ఇన్‌స్పెక్టర్ తలెత్తకుండా రాసుకుపోతున్నాడు. “సంతకం పెట్టుండ్రి.”

గోదాములాయన ఎగిరి వచ్చిన రెండడుగులూ వెనక్కి వేశాడు. ఆ ఒక్క నిమిషం కోసం మాత్రం కాకా మీది కోపంలో కొంత నేను మాఫీ చేశాను. అంతా కాదు.

ఇక మిగిలింది ఒక్క బండి అంటే ఎంత అని. చుట్టుపక్కల ఎక్కడా ఎడ్లబండి మిగల్లేదు. కాకా కొట్టం వెనక ఆయన పాత బండి ఇరుసు ఒక్కటి పడి ఉంది. ఇద్దరు మోసుకొచ్చి బాటకు అడ్డంగా వేశారు. గోదాములాయన వెంటనే ఇరుసు రెండు కొసల దగ్గరా సున్నంతో గీతలు గీయమన్నాడు. నా ట్రాక్టర్ చక్రాలు ఆ గీతల మధ్య పట్టవని చూడగానే తెలుస్తోంది.

“గదెట్లైతది?” అని లేచింది చిన్నమ్మ. “ఇరుసు ఒక్కటే పోతదా బాట మీద? ఎడ్లు పోవా?”

“ఎడ్లు బండి ముందటనే ఉంటయి గద” అన్నాడు కాకా.

“ఉన్నది ఉన్నట్టు చెప్తనంటివి, గిప్పుడు చెప్పు. ఎర్రెద్దు కొమ్ములు ఎట్లుండె?”

“జెర బయటికి ఉండె.”

“జెరనా? గట్టు ఎక్కి నిలబడితె గని నన్ను తప్పించుకోనియ్యకపోతుండె. నా చీరె చింపలే? పెండ్లికి కట్టుకున్న చీరె!”

“చీరె చింపింది తెల్లెద్దు.”

“తెల్లదానికి కొమ్ములే లేకుండె! ఒకటి ఇరిగె, ఒకటి వంగె!”

“అవునవును, ఎర్రదే” అని ఒప్పుకున్నాడు కాకా. “సార్, ఆమె చెప్పింది నిజమే. కొమ్ములు ఇరుసుకంటె బయటికి వస్తుండె. పోంగ ఒకపక్క, రాంగ ఇంకోపక్క. ఇరుపక్కల జానెడు జానెడు.”

“జానెడా? మూరెడు!” అన్నాను నేను.

“జానెడే” అన్నారు ఇద్దరూ ఒక్కసారే. ఆ ఒక్క దాంట్లో వాళ్లకు వాదన రాలేదు.

ఇన్‌స్పెక్టర్ నవ్వు ఆపుకుంటూ ఇరుపక్కలా జానెడు కలిపి రాశాడు. ఎర్రెద్దు పోయి ఎన్నేళ్లయిందో గానీ దాని కొమ్ముల మీద నా పొలం నిలబడింది. గోదాములాయన సంతకం పెట్టి కారెక్కాడు. ఆ వారంలోనే కడీలు పీకి వెనక్కి పాతించాడు. సరిగ్గా కొమ్ముల కొస దగ్గర, ఒక్క వేలు కూడా ఇవతలికి లేకుండా.

మొదటి రోజు ట్రాక్టర్ తోలుకుపోతుంటే ఇద్దరూ వచ్చి నిలబడ్డారు. “కుడికి రానియ్” అంటాడు ఆయన, “ఎడమకు రానియ్” అంటుంది ఆమె. రెండూ విని నేను నడుమ తోలితే మడ్‌గార్డు కడీకి రాసుకుని కొత్త రంగు పోయింది.

“కాకా, ఇంకో జానెడు చెప్పి ఉంటె ఏం పోతుండె?”

“ఉంటె చెప్పేటోణ్ణే కొడుకా.”

ఆ ఏడు కంది వేశాను. చాలా ఏళ్ల తర్వాత అలా పండింది. ఆ బాట మీదే ఇంటికి తోలుకున్నాను, ఎదురుగా ఎవరూ రాకుండా చూసుకుంటూ. వాళ్లకు ఒక బస్తా పంపమని మా ఇంటామె పోరింది. నేనే మోసుకుపోయాను. బస్తా నిండా పోయలేదు. పైన జానెడు ఖాళీ ఉంచి మూతి కట్టాను. వాళ్లకు తెలియాలి కదా.

చిన్నమ్మ బస్తా మూతి మీద చేయి వేసి నొక్కింది. చేయి లోపలికి దిగింది. కాకా వైపు చూసింది, కాకా ఆమె వైపు చూశాడు. ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు. ఆయన మంచం పట్టెను పట్టుకుని నవ్వాడు, ఆమె కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. నేను ఇంటికి వచ్చి ఇంకో బస్తా నింపి, అంచుల దాకా నింపి, తీసుకెళ్లి మొదటిదాని పక్కన పడేశాను.

అదీ ఉంచుకున్నారు.